రైట్ రైట్ అంటే కుడి కాదు

పోయిన శనివారం పొద్దున్న మా మనవరాలి ఐస్ హాకీ ఆట చూద్దామని, ఇక్కడ అమెరికాలో హెర్న్‌డన్‌లో మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న మంచు మైదానం, అంటే రింక్‌కి వెళ్ళి, మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, దాని మీద మా ఆవిడ చివాట్లు, అన్నీ కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాను. మనవరాలికి పన్నెండేళ్ళు. జట్టులో గోలీ, అంటే గోల్ ముందు నిలబడి కాపలా కాసే మనిషి. ఒంటినిండా ప్యాడ్లు కట్టుకుని నిలబడితే తలుపులు బిగించిన చిన్న బీరువాలా ఉంటుంది. ఇంట్లో పిలిస్తే మూడో పిలుపుకి గానీ పలకని ఆ పిల్ల, ఆట మధ్యలో ఉన్నట్టుండి ముసుగులోంచి "వీల్! వీల్! వీల్!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు వినగానే నేను దిగ్గున లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో గుర్తొచ్చాక మెల్లగా కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నాను. పక్కన కూర్చున్న ఒక పిల్ల తల్లి "జలుబు చేసిందా అంకుల్?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అది ఇరవై ఏళ్ళ నాటి జలుబని ఆవిడకేం చెప్తాను?

మన ఈడు వాళ్ళకి గోలీ అంటే తెలిసినవి రెండే. ఒకటి మట్టిలో గుంట తీసి ఆడేది, రెండోది సోడా సీసా గొంతులో అడ్డం పడేది. నేను కూడా ఆ రెండు గోలీలతోనే జీవితం వెళ్ళదీసేవాణ్ణి. ఎనిమిదో తరగతి లెక్కలకీ నాకూ సంబంధం కుదరక బడి మానేసి, తుని నుంచి నర్సీపట్నం వైపు తిరిగే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుగా పదకొండేళ్ళు చేశాను. ఆ ఉద్యోగానికి అప్పట్లో సర్టిఫికెట్లు అడిగేవారు కాదు, గొంతు అడిగేవారు. బస్సు వెనక మెట్టు మీద నిలబడి "రైట్ రైట్" అంటే పోనీ అని, "హోల్డాన్" అంటే ఆపమని. బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితే కదలమని, ఒక్క దెబ్బ కొడితే ఎవరో దిగుతున్నారని. డ్రైవరు ముందుకు చూస్తాడు, వెనక సంగతి అతనికి తెలియదు, నా నోటి మీద నమ్మకంతో అంత పెద్ద బస్సునీ కాలవ గట్టున వెనక్కి తిప్పేవాడు. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా బస్సు కాలవలోకి పోలేదు. నేను గొప్పగా చెప్పుకోగలిగిన చదువు అదే.

నన్ను అమెరికా తీసుకొచ్చింది మా ఆవిడ. ఆమె నర్సు. ఆస్పత్రి వాళ్ళు ఆమె కోసం వీసా ఇస్తే, సామాన్లతో పాటు నేనూ వచ్చాను. కాగితాలన్నీ సరిగ్గా ఉండటంతో నాకూ పనిచేసే వీలు దొరికి, ఒక ఐస్ రింక్‌లో చేరాను. మంచు మీద నీళ్ళు పోస్తూ నున్నగా చేసే పెద్ద బండి ఒకటి ఉంటుంది, దాన్ని తోలడం నా పని. పదకొండేళ్ళు బస్సు వెనక మెట్టు మీద వేలాడినవాడికి చివరికి డ్రైవరు సీటు దొరికింది. ఆ బండి నడిచే వేగానికి గేదె కూడా హారను కొట్టి దాటిపోతుందనుకోండి, అది వేరే సంగతి. అక్కడ మా సూపర్‌వైజరు కెనడా నుంచి వచ్చిన ముసలాయన. ముందు పళ్ళు మూడు లేవు. ఆ మూడూ హాకీకే ఇచ్చానని చెప్పి, మిగిలిన పళ్ళతో నవ్వేవాడు.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, అప్పటికి మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. వాళ్ళ ఆఫీసులో ఎవరో, మీకు క్రికెట్ తప్ప ఏమొచ్చు అన్నారట. పౌరుషం వచ్చి, తనలాంటి వాళ్ళని ఓ పదిమందిని పోగేసి, ఏడాదిపాటు స్కేట్ల మీద పడుతూ లేస్తూ నేర్చుకుని ఒక జట్టు కట్టాడు. అందరూ ఆదివారం పొద్దున్నే ఆడే లీగ్‌లో చేరారు. ఇద్దరు ముగ్గురు అమెరికా వాళ్ళు కూడా కలిశారు గానీ గోల్ ముందు నిలబడటానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. రాయిలాంటి నల్ల రబ్బరు బిళ్ళ మొహం మీదకి దూసుకొస్తుంటే ఎదురు నిలబడాలంటే ఎవరికి మాత్రం సరదా? చివరికి నా దగ్గరకొచ్చాడు.

"బావా, నువ్వేం పరిగెత్తక్కర్లేదు. ఒక్కచోట నిలబడి అరవడమే."

"ఒరే బామ్మర్దీ, నేను పదకొండేళ్ళు చేసిందీ అదే కదరా!"

అలా ఒప్పుకున్నాను. తీరా దిగాక తెలిసింది, జట్టులో అందరికంటే కాళ్ళ మీద అదుపు ఉండాల్సింది గోలీకేనని. అప్పటికి ప్యాడ్లు కట్టేశారు. కట్టిన ప్యాడ్లు విప్పుకోవడం రాక జట్టులో ఉండిపోయానని ఇప్పటికీ మా ఆవిడ అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు.

సూపర్‌వైజరు నాకు బిళ్ళ ఆపడం తర్వాత నేర్పాడు, ముందు మాట్లాడటం నేర్పాడు. ఆయన చెప్పిందాని సారం ఇది. మంచు మీద ఉన్న మన ఆరుగురిలో ఆటంతా మొహానికి ఎదురుగా కనిపించేది గోలీ ఒక్కడికే. బిళ్ళ మన గోల్ వెనక మూలకి వచ్చి పడితే, దాన్ని తీసుకోవడానికి డిఫెన్స్ వాడు గోడ వైపు మొహం పెట్టి వెళ్ళాలి. వీపు వెనక ఎవడొస్తున్నాడో వాడికి తెలియదు. అది చెప్పాల్సింది గోలీయే. వెనక ఎవరూ లేకపోతే "టైమ్" అనాలి, అంటే నీకు తీరిక ఉందని. ఎవడైనా మీదకొస్తుంటే "మేన్ ఆన్" అనాలి. వల వెనక నుంచి చుట్టి అవతలకి పొమ్మనడానికి "వీల్". ముట్టుకోకు, నేను చూసుకుంటాను అనడానికి "లీవ్ ఇట్". ఏదైనా ముందుగా చెప్పాలి, పొట్టిగా చెప్పాలి, మూడుసార్లు చెప్పాలి. "అయ్యో అయ్యో" అని అరవడం మాటల కిందకి రాదని ప్రత్యేకంగా నాతో అన్నాడు, నేను మొదటి వారమంతా అదే అరిచాను కాబట్టి. తప్పు చేసి రెండు నిమిషాల శిక్ష మీద బయట కూర్చున్న అవతలి ఆటగాడు లోపలికి వచ్చే వేళ అయితే, గోలీ తన కర్రతో మంచు మీద టకటకా కొట్టి తనవాళ్ళని హెచ్చరించాలి. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. బస్సు ఒంటి మీద కొట్టే దెబ్బ మంచు మీద కొట్టాను, అంతే. అవతలి వాళ్ళు మన గోల్ ముందు గుంపుగా చేరి దారి కనపడకుండా చేస్తే "స్క్రీన్" అని మనవాళ్ళకి చెప్పాలి. నాకు మాత్రం ఎప్పుడూ "లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి" అనే నోటిదాకా వచ్చేది.

ఆ ఇంగ్లీషు మాటలన్నీ తెల్ల టేపు మీద తెలుగులో రాసి కర్రకి అంటించుకున్నాను. మొదటి నాలుగు ఆటలూ బాగానే గడిచాయి. ఓడిపోయాం, అయినా బాగానే గడిచాయి.

ఐదో ఆటలో బిళ్ళ మా వల వెనక్కి వచ్చి పడింది. బావమరిది దాని కోసం వెళ్ళాడు, గోడ వైపు మొహం, నా వైపు వీపు. అతనికి కుడి పక్క నుంచి అవతలి జట్టులోని ఎర్రటి గడ్డమున్న ఒకాయన, ట్రక్కు మెకానిక్కు, నిజంగా ట్రక్కులాగే వస్తున్నాడు. ఎడమ పక్కంతా ఖాళీ. బావమరిది అప్పటికే ఎడమకి తిరిగాడు కూడా. దేవుడా, సరిగ్గా వెళ్తున్నాడు, అలాగే పోనీ అనుకున్నాను. టేపు మీద రాసుకున్న మాటలు కర్ర మీదే ఉండిపోయాయి. నోట్లోంచి పదకొండేళ్ళ పాత మాట వచ్చింది.

"రైట్ రైట్!"

అంటే పోనీ అని. అలాగే ముందుకు పోనీ అని. కండక్టర్ల రైట్ తెలియనివాడేం కాదు మా బావమరిది, మనం పుట్టిన నేలలోనే పుట్టాడు. కానీ మంచు మీద అతని బుర్ర ఇంగ్లీషులో నడిచేది, నా నోరేమో తుని బస్టాండులో ఉండిపోయింది. పాపం, బావ చూసి చెప్తున్నాడు కదా అని, సరిగ్గా వెళ్తున్నవాడల్లా ఆగి, గిరుక్కున కుడికి తిరిగాడు. గడ్డపాయనకి ఆపుకునే వ్యవధి లేదు. ఇద్దరూ కలిసి గోడకి కొట్టుకున్న చప్పుడు నేను ఈ జన్మకి మరిచిపోలేను. ఆ లీగ్‌లో కావాలని గుద్దడం నిషేధం. ఇది కావాలని గుద్దింది కాదు. ఆ మెకానిక్కు మంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని సారీ చెబుతూనే ఉన్నాడు. తప్పు ఆయనది కాదు, నా మాటదని ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

బావమరిదికి మెడకింద ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి వేలాడేసుకుని తిరిగాడు. మా ఆవిడ ఆ ఆరు వారాలూ తమ్ముడికి అన్నం కలిపి పెట్టింది, నాతో మాత్రం అప్పుడూ ఆ తర్వాతా ఉప్పందుకోండి, తలుపేసుకోండి తప్ప మూడో మాట ఆడలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అతనికి సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి కొత్త ఫోటో పంపమని అమ్మాయి వాళ్ళు అడిగితే, కట్టు కనపడకుండా నేనే ఒక శాలువా కప్పి ఫోటో తీశాను. ఇంత చిన్న వయసులో దేనికి సన్మానం జరిగిందని వాళ్ళు తిరిగి అడిగారట. బావ మాట విన్నందుకు అని చెప్పమన్నాను. ఆ సంబంధమే కుదిరింది, అది వేరే కథ.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ప్రాణం మీదకొచ్చింది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు వేళాకోళాలాడి తేలికపడేవాణ్ణి. "నాకే అర్థం కాలేదులే బావా" అని నవ్వేసేవాడు. నెలలు గడిచి మళ్ళీ స్కేట్లు కట్టాక తెలిసింది అసలు సంగతి. డిఫెన్స్ వాడు బిళ్ళ కోసం వెళ్ళేముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి, అది అందరూ చేయాల్సిందే. ఆ తర్వాత ఇక చెవుల మీద ఆధారపడాలి. మా బావమరిది ఒకసారి చూసేవాడు, రెండోసారి చూసేవాడు, నేను గొంతు పోయేలా "టైమ్ టైమ్" అంటుంటే మూడోసారి కూడా మెడ తిప్పి చూసేవాడు. ఈలోగా బిళ్ళ పోయేది. అంతకంటే భయం, అలా మెడ తిప్పినవాడికి ఈసారి దెబ్బ తగిలితే భుజంతో పోదు. నోటితో ఎంత మర్యాదగా మాట్లాడినా, నీ మాట నమ్మను బావా అని అతని మెడ ప్రతి ఆదివారం అందరి ముందూ నాకు చెబుతుండేది. సూపర్‌వైజరు ఆఖరికి నన్ను పక్కకి పిలిచి, అతనికి నీ గొంతు వినపడితే చాలదు, వినాలనిపించాలి, అది కుదరకపోతే ఇద్దర్లో ఒకరు మానేయండి అన్నాడు. నేనే మానేద్దామనుకున్నాను. నా మూలంగా ఆ కుర్రాడికి ఇంకో ఎముక విరిగితే ఆ ఇంట్లో నేను అన్నం ఎలా తినగలను?

మానేస్తానన్న మాట ఇంట్లో అన్నప్పుడు మూడో మాట ఆడింది మా ఆవిడ. ఆస్పత్రిలో డాక్టరు ఒక మందు చెబితే, నర్సు ఆ పేరూ కొలతా తిరిగి పైకి చెప్పి ఆయన ఔనన్నాకే ఇస్తుందట. మంచు మీద అంత తీరిక ఉండదు కాబట్టి, రెండు అర్థాలొచ్చే మాట ఏదీ వాడకూడదని తీర్పు ఇచ్చింది. తమ్ముణ్ణి పిలిపించింది. వంటింటి బల్ల మీద ఉప్పుడబ్బా నేను, టీగ్లాసు బావమరిది, ఆవకాయ జాడీ ఎర్రగడ్డపాయన.

"ముందు ఆ రైట్ అనే మాట ఈ ఇంట్లో ఉండకూడదు," అంది ఆవిడ.

"సిగ్నల్ దగ్గర నీకు దారి ఎలా చెప్పనే?"

"ఎడమ మూడుసార్లు తిరిగి వెళ్తాను. మీరు నోర్మూసుకోండి."

"అక్కా, కుడి ఎడమలు కూడా వద్దు," అన్నాడు బావమరిది. "బావకి కుడైతే నాకు ఎడమ."

"అయితే ఇంగ్లీషే వద్దురా. కంగారులో మీ బావకి రాదు."

అలా ఒక్కొక్క మాటే ఏరుకున్నాం. తీరిక ఉంటే "ఖాళీ", అది సీటు ఖాళీ అన్నట్టు నా నోటికి తేలిగ్గా వస్తుంది. ఎవడైనా మీదకొస్తుంటే "మనిషి". వల వెనక నుంచి తిరిగి పొమ్మనడానికి "చుట్టు". ముట్టుకోవద్దనడానికి "వదులు". నాలుగే మాటలు. ఒకదానితో ఒకటి పోలవు, ఏదీ రెండర్థాలు ఇవ్వదు. ఆ వారమంతా నేను చెబుతుంటే బావమరిది టీగ్లాసు జరిపాడు. మా ఆవిడ ఆవకాయ జాడీ పట్టుకుని, చెప్పాపెట్టకుండా ఎటునుంచో మీదకొచ్చేది. మెకానిక్కు కంటే ఆవిడే భయంకరంగా ఆడింది.

మళ్ళీ ఆ జట్టుతోనే ఆట పడింది. మా ఆవిడ రాత్రి డ్యూటీ దిగి, ఆస్పత్రి బట్టల్లోనే వచ్చి రింక్ గోడ మీది అద్దం అవతల నిలబడింది. ఆట సంగతి దాచడమెందుకు, అప్పటికే ఏడు రెండు. ఏడు వాళ్ళవి. మొదటి రెండుసార్లు నేను "ఖాళీ" అన్నా బావమరిది మెడ తిప్పి చూశాడు. అద్దం అవతల మా ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో మూడు నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా బిళ్ళ మా మూలకి వచ్చి పడింది. బావమరిది ఒకసారి భుజం మీదుగా చూసి బయల్దేరాడు. అతను చూసినప్పుడు వెనక ఎవరూ లేరు. తర్వాత తన బదులు ఇంకొకణ్ణి దింపడానికి బెంచీ వైపు వెళ్తున్న గడ్డపాయన మనసు మార్చుకుని, వెనక్కి తిరిగి, సరాసరి అతని వీపు మీదకి వస్తున్నాడు. అది చూసింది నేనొక్కణ్ణే. నా నాలిక మీదకి ఆ పాత మాటే వచ్చి కూర్చుంది. నిజం చెబుతున్నాను, సగం మాట పళ్ళ దాకా వచ్చింది. మింగాను.

"మనిషి! చుట్టు! చుట్టు! చుట్టు!"

మెడ తిరగలేదు. అతని హెల్మెట్ వెనక భాగం నాకు అలాగే కనపడుతూ ఉండిపోయింది, కదలకుండా, తిరగకుండా. బిళ్ళని కర్రతో లాక్కుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, నా వల వెనక నుంచి చుట్టి అవతలి పక్కకి తేలిపోయాడు. గడ్డపాయన వచ్చి ఖాళీ గోడకి ఆనుకుని, ఏం జరిగిందో అర్థం కాక, నా వైపు చూసి పకపకా నవ్వాడు. ఆ కొద్ది క్షణాల్లో నా గుండెల మీద నుంచి దిగిన బరువు ఇంత అని చెప్పలేను. మోకాళ్ళ మీద కూలబడ్డాను. గోల్ ఆపడానికి కూర్చున్నాననుకుని మా బెంచీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆఖరి ఈల వేసేసరికి ఎనిమిది రెండు. నేను మాత్రం కర్ర పైకెత్తి రింకంతా ఒక చుట్టు తిరిగాను. లెక్క తెలియక గెలిచామనుకుంటున్నాడేమోనని అవతలి గోలీ జాలిగా వచ్చి స్కోరు బోర్డు చూపించాడు.

మంచు మీద నుంచి దిగుతూ బావమరిది నా ముసుగు మీద చేత్తో ఒక్క దెబ్బ కొట్టి, "నా స్టాపొచ్చింది బావా, దిగుతున్నా," అన్నాడు. అతను నాతో హాయిగా వేళాకోళమాడింది ఎముక విరిగాక అదే మొదటిసారి. మా ఆవిడేమో ఇంటికెళ్ళి, అన్ని నెలలుగా నా పళ్ళానికి ఒక మూరెడు దూరంలో పెడుతున్న నెయ్యి గిన్నెని దగ్గరికి జరిపింది.

ఆ జట్టు ఇంకో నాలుగేళ్ళు ఆడింది. తర్వాత ఒకరికి పిల్లలు, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి టెక్సాస్. బావమరిది అమెరికా అవతలి కొసన ఉన్న సన్నీవేల్ వెళ్ళిపోయాడు. ఈ మధ్య మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి, ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరినప్పుడు, అద్దె కారు మా వాకిట్లోంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. వీధిలో బళ్ళొస్తున్నాయేమో చూసి చెబుదామని నేను రోడ్డు దాకా వెళ్ళి నిలబడ్డాను. కారు అద్దాలు మూసి ఉన్నాయి. లోపల తెర మీద వెనకంతా బొమ్మ కడుతుంది, ఏదైనా దగ్గరికొస్తే అదే కూస్తుంది. అతను తెర చూసుకుంటూ ఎక్కడా తగలకుండా, నున్నగా వెనక్కి తీసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేను ఏదో అన్నాను కూడా, అది అతనికి వినపడి ఉండదు.

బాధపడ్డానని అనుకోకండి. నా మాట మీద ఇంకెవరి ఎముకలూ ఆధారపడి లేవన్నది నాకు నిజంగా నిశ్చింత, రాత్రుళ్ళు హాయిగా నిద్రపడుతోంది. ఆ తెర నాకంటే బాగా చూస్తుంది, కంగారుపడదు, దానికి తుని బస్టాండు గుర్తు రాదు. అయినా ఒక మనిషి వెనక్కి చూడకుండా, ఇంకో మనిషి గొంతు విని అడుగేసేవాడే, ఆ గొంతుకి అప్పుడు ఎంత బాధ్యత ఉండేదో, ఎంత గర్వం ఉండేదో తెలిసినవాళ్ళం మనమే మిగిలాం. కారు మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే, ఎవరికో దారి చూపిస్తున్నట్టు చెయ్యెత్తి నిలబడి ఉన్నాను. మా ఆవిడ పిలిస్తే లోపలికి వచ్చాను.